రిపోర్టులో 'ఫంగల్ బాల్' అని వస్తే: ఊపిరితిత్తికి ఒక లెక్క, సైనస్‌కి ఇంకో లెక్క

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు రెండు ముక్కల్లో రాస్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా సంగతి తెలియాలి కదా. మీ నాన్నగారికి అరవై దాటాయి. ఎప్పుడో టీబీ వస్తే పూర్తి కోర్సు వాడారు, తగ్గింది. కొన్ని నెలలుగా దగ్గు, నీరసం, బరువు తగ్గడం, ఈ మధ్య కఫంలో రక్తం. సీటీ తీస్తే కుడి ఊపిరితిత్తి పైభాగంలో 'కేవిటీలో ఫంగల్ బాల్, ఆస్పర్‌జిల్లోమా కావచ్చు' అని రాశారు (కేవిటీ అంటే ఊపిరితిత్తిలో ఏర్పడిన గుల్ల, ఆస్పర్‌జిల్లోమా అంటే అందులో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు కట్టిన ఉండ). ఒక డాక్టర్ మళ్లీ టీబీ మందులు మొదలుపెడదామన్నారు, ఇంకొకరు ఆపరేషన్ అన్నారు. ఇదే సమయంలో మీ పిన్నిగారికి నెలలుగా ఒకవైపు ముక్కు దిబ్బడ, దుర్వాసన అని స్కాన్ తీస్తే ఎడమ మాక్సిలరీ (చెంప ఎముక వెనకున్న) సైనస్‌లో 'ఫంగల్ బాల్' అని వచ్చింది. ఇద్దరికీ ఒకేసారి ఫంగస్ ఏంటి, ఒకరి నుంచి ఒకరికి అంటుకుందా, కరోనా టైమ్‌లో వచ్చిన బ్లాక్ ఫంగస్ ఇదేనా అని మీ టెన్షన్.

నేను మైక్రోబయాలజీ డాక్టర్ని, టీచింగ్ హాస్పిటల్ ల్యాబ్‌లో ఎక్కువ కాలం ఫంగస్ బెంచ్ మీదే గడిపాను. పేషెంట్లని మంచం పక్కన నిలబడి చూసేది నేను కాదు, వాళ్ల కఫం, రక్తం, ఆపరేషన్‌లో తీసిన ముక్క నా బల్ల మీదకి వస్తాయి. కాబట్టి ఆపరేషన్ చేయాలా, మందు డోసు ఎంత అనే విషయాల్లో మీ పల్మనాలజిస్టు, ఈఎన్‌టీ డాక్టర్ చెప్పిందే వినండి. ఈ జబ్బుని గుర్తించే దగ్గర ఎక్కడ పప్పులో కాలేస్తారో, అది మాత్రం నేను చెప్పగలను.

అంటుకోవడం గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తా. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు గడ్డివాములో, పేడకుప్పలో, తడిసిన ధాన్యంలో, చెమ్మ గోడల మీద, ఇంటి దుమ్ములో అంతటా ఉంటుంది. దాని బీజాలు రెండు మూడు మైక్రాన్ల సైజువి కాబట్టి ఊపిరితిత్తి చివరి గదుల దాకా సులువుగా పోతాయి. మీరూ నేనూ ఇవాళ కూడా పీల్చే ఉంటాం. నాన్నగారి పళ్లెం, గ్లాసు వేరు చేయాల్సిన పని లేదు. ఇద్దరికీ ఒకేసారి బయటపడటం కాకతాళీయం, అంతే.

అందరూ పీలుస్తున్నప్పుడు కొందరికే ఎందుకు? ఆరోగ్యంగా ఉన్న శ్వాసనాళాలకి లోపలికి వచ్చిన చెత్తని ఎప్పటికప్పుడు పైకి తోసేసే ఏర్పాటు ఉంది. టీబీ తగ్గాక మిగిలిపోయే కేవిటీకి ఆ ఏర్పాటు ఉండదు. టీబీ క్రిములు చచ్చిపోయినా ఆ గుల్ల అలాగే ఉండిపోతుంది, గాలి వస్తూ ఉంటుంది, చెత్త బయటికి పోదు. తాళం వేసి వదిలేసిన గదిలో బూజు పట్టినట్టు అక్కడ ఫంగస్ మెల్లగా పెరిగి, దాని పోగులు, చీమిడి, ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు వచ్చే పీచు), చచ్చిన కణాలు అన్నీ కలిసి ఉండ కడతాయి. 1960ల చివర్లో బ్రిటన్‌లో, టీబీ నయమైనా 2.5 సెంటీమీటర్లు అంతకు మించి కేవిటీ మిగిలిన 500 మందికి పైగా పేషెంట్లని పరీక్షించారు. వాళ్లలో దాదాపు నాలుగో వంతు మంది రక్తంలో ఆస్పర్‌జిల్లస్ మీద యాంటీబాడీలు దొరికాయి. టీబీ ఇంత ఎక్కువగా ఉన్న మన దేశంలో ఇది అరుదైన జబ్బు అనుకోవడానికి వీల్లేదు. మనం వెతకం కాబట్టి కనపడదు, అసలు సంగతి అది.

మీ నాన్నగారి విషయంలో ముందు భయపడాల్సింది ఫంగస్ గురించి కాదు, రక్తం గురించి. కేవిటీ గోడలో బ్రాంకియల్ ధమనులు (శ్వాసనాళాలకి రక్తం తెచ్చే నాళాలు) లావెక్కి, వంకర్లు తిరిగి ఉంటాయి. అక్కడ వాపు వల్ల అవి చిట్లుతుంటాయి. చాలామందికి కఫంలో చారలుగానే పడి ఆగిపోతుంది, కానీ ఇవాళ చారలే కదా అని రేపూ చారలే అని ఎవరూ హామీ ఇవ్వలేరు. అర గ్లాసు, గ్లాసు రక్తం పడితే ఎల్లుండి ఓపీకి వెళ్దాం అనుకోకండి, ఐసీయూ, క్యాథ్‌ల్యాబ్ (రక్తనాళాల్లోకి గొట్టం పంపి చికిత్స చేసే గది) ఉన్న హాస్పిటల్‌కి ఆ రాత్రే తీసుకెళ్లండి. దారిలో ఆయన్ని జబ్బు ఉన్న వైపుకి, అంటే కుడివైపుకి ఒత్తిగిల్లి పడుకోబెట్టండి, రక్తం బాగున్న ఊపిరితిత్తిలోకి పోకుండా. ఈ జబ్బులో ప్రాణం పోయేది రక్తం ఎక్కువ పోవడం కన్నా, ఆ రక్తంతో ఊపిరాడకపోవడం వల్లే. గుండెకి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబరిచే మందులు వాడుతుంటే డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పండి, స్టెంట్ ఉంటే మాత్రం సొంతంగా ఆపకండి.

ఇప్పుడు అసలు విషయం. సీటీలో 'ఫంగల్ బాల్' అని రాసింది రేడియాలజిస్టు, అది నీడని చూసి చెప్పిన మాట. గుల్ల లోపల గుండ్రటి ముద్ద, దాని పైన నెలవంక ఆకారంలో గాలి, అనేది క్లాసు పుస్తకాల్లో బొమ్మ. బోర్లా పడుకోబెట్టి మళ్లీ సీటీ తీస్తే ఆ ముద్ద కిందికి దొర్లితే ఫంగల్ బాల్ అనే నమ్మకం బాగా పెరుగుతుంది, ఎందుకంటే గోడకి అతుక్కున్న గడ్డ దొర్లదు. కాంట్రాస్ట్ ఇచ్చినప్పుడు లోపలి ముద్ద మెరవకపోవడం ఇంకో ఆనవాలు. అయినా అదే బొమ్మ వేరే జబ్బుల్లోనూ రావచ్చు. పాత మచ్చలో పుట్టిన క్యాన్సర్, కేవిటీలో గడ్డకట్టిన రక్తం, చీము గడ్డ, ఇవన్నీ లైన్లో ఉంటాయి. గొర్రెలు, మేకలు, కుక్కలతో ఎక్కువ మసిలేవాళ్లయితే పగిలిన హైడాటిడ్ తిత్తి (ఒక రకం బద్దెపురుగు వల్ల వచ్చే నీటి తిత్తి) కూడా. మీ నాన్నగారు సిగరెట్లో బీడీలో కాల్చేవారా అన్నది మీరు రాయలేదు. కాల్చేవారైతే క్యాన్సర్ లేదని తేల్చుకోవడం తప్పనిసరి.

2016లో యూరప్ నిపుణుల సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాలు ఈ గందరగోళానికి ఒక దారి చూపించాయి, ఇప్పుడు మన దగ్గర కూడా ఎక్కువమంది దాన్నే పట్టుకుంటున్నారు. స్కాన్‌లో సరిపోయే మార్పులు ఉండాలి, ఆస్పర్‌జిల్లస్ ఉందని ల్యాబ్ రుజువు ఉండాలి, ఈ వ్యవహారం కనీసం 3 నెలలుగా నడుస్తుండాలి, అదే బొమ్మ ఇచ్చే వేరే జబ్బులు లేవని తేల్చాలి. నాలుగూ కలిస్తేనే 'క్రానిక్ పల్మనరీ ఆస్పర్‌జిల్లోసిస్' అంటారు. ఫంగల్ బాల్ అందులో ఒక రూపం మాత్రమే. ఒకే కేవిటీ, ఒకే బాల్, నెలల తరబడి ఏ మార్పూ లేదు, ఒంట్లో పెద్ద బాధ లేదు అంటే సింపుల్ ఆస్పర్‌జిల్లోమా. కేవిటీలు పెరుగుతూ, గోడలు మందం అవుతూ, మనిషి బరువు తగ్గి నీరసపడుతుంటే అది వేరే రకం, లోపల బాల్ ఉన్నా లేకపోయినా. మీరు చెప్పిన లక్షణాలు, ముఖ్యంగా బరువు తగ్గడం, చూస్తే నాకు రెండో రకం అనుమానం ఎక్కువ. అందుకే పాత ఎక్స్‌రేలు, పాత సీటీలు అటక మీద ఉన్నా సరే దించండి. రెండేళ్ల కిందటి ఫిల్ము పక్కన పెడితే చాలా ప్రశ్నలకి అక్కడే సమాధానం దొరుకుతుంది, కొత్త స్కాన్ ఎంత ఖరీదైనదైనా ఆ పని చేయలేదు.

ల్యాబ్ రుజువు అంటే ఏంటో కొంచెం విడమర్చి చెప్తాను, ఇక్కడే డబ్బులు దండగయ్యేది.

మొదటి పరీక్ష రక్తంలో ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ యాంటీబాడీ. ఈ జబ్బుకి మనకున్న వాటిలో నమ్మకమైనది ఇదే, పదిమందిలో తొమ్మిదిమందికి పైగా పాజిటివ్ వస్తుంది. అయితే ల్యాబ్ కౌంటర్‌లో 'ఆస్పర్‌జిల్లస్ టెస్ట్' అని చెప్తే చాలాచోట్ల ఐజీఈ చేసి పంపుతారు. ఐజీఈ అలర్జీ పరీక్ష. ఆస్తమా ఉన్నవాళ్లలో ఏబీపీఏ అనే అలర్జీ జబ్బు పట్టుకోవడానికి అది కావాలి, మీ నాన్నగారి ప్రశ్నకి అది జవాబు చెప్పదు. చీటీ మీద 'ఐజీజీ' అని స్పష్టంగా ఉందో లేదో మీరే చూసుకోండి. ఇంకో చిక్కు, ఈ కిట్లు ఎక్కువగా ఫ్యూమిగేటస్ అనే జాతి మీద తయారైనవి. మన దగ్గర ఫ్లేవస్ జాతి కూడా బాగా కనిపిస్తుంది. కాబట్టి స్కాన్ అంత స్పష్టంగా ఉండి ఐజీజీ నెగటివ్ వస్తే అక్కడితో ఫైలు మూసేయకూడదు, కఫం కల్చర్ మీద గట్టిగా పడాలి.

గెలాక్టోమానన్ అని ఇంకో ఖరీదైన పరీక్ష రాస్తారు, అది ఫంగస్ గోడలోంచి వచ్చే ఒక పదార్థాన్ని వెతికేది. కీమోథెరపీ తీసుకుంటూ తెల్లకణాలు పడిపోయినవాళ్లలో, ఫంగస్ రక్తనాళాల్లోకి చొరబడినప్పుడు, రక్తంలో అది బాగా పనికొస్తుంది. గుల్లలో కూర్చున్న ఉండకి రక్తంలో అది చాలాసార్లు నెగటివే వస్తుంది. బ్రాంకోస్కోపీ చేసి లోపల కడిగిన నీటిలో చూస్తే కొంత మేలు. రక్తంలో గెలాక్టోమానన్ నెగటివ్ కాబట్టి ఫంగస్ లేదు అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

కఫం కల్చర్ రెండంచుల కత్తి. మామూలు బ్యాక్టీరియా కల్చర్‌కి పంపితే ఆస్పర్‌జిల్లస్ దొరకడం అదృష్టం మీద ఆధారపడుతుంది, ఆ ప్లేట్లని ఒకటి రెండు రోజుల్లో పారేస్తాం. 'ఫంగల్ కల్చర్' అని విడిగా రాస్తేనే సబూరో మీడియం (ఫంగస్ పెంచే ఆహారం) మీద వేసి రోజుల తరబడి ఉంచుతాం. మరోవైపు, గాల్లో ఉండే బూజు కాబట్టి ఒక్కసారి ఒక్క కాలనీ మొలిచిందని జబ్బు అనేయలేం, అది గొంతులోంచి రావచ్చు, మా ల్యాబ్ గాల్లోంచి కూడా పడొచ్చు. వేర్వేరు రోజుల కఫంలో మళ్లీ మళ్లీ అదే వస్తే, లేదా కేఓహెచ్ (కఫాన్ని కరిగించి ఫంగస్ కనపడేలా చేసే ద్రావణం) చుక్కలో పోగులు నేరుగా కనిపిస్తే, అప్పుడు విలువ. తెల్లవారుజామున లేచి నోరు పుక్కిలించాక, లోపల నుంచి దగ్గి తీసిన చిక్కటి కఫం ఇవ్వండి, ఉమ్ము కాదు. డబ్బా మధ్యాహ్నం దాకా బైక్ డిక్కీలో ఎండకి పెట్టకుండా వెంటనే ల్యాబ్‌కి ఇవ్వండి.

టీబీ మందులు మళ్లీ మొదలుపెట్టే మాటకొస్తాను, నాకు బాగా కోపం తెప్పించే విషయం ఇది. పాత టీబీ పేషెంటు, దగ్గు, బరువు తగ్గడం, రక్తం, ఎక్స్‌రేలో కేవిటీ. లక్షణాలన్నీ టీబీవే, అందుకే చెయ్యి ప్రిస్క్రిప్షన్ మీదకి దానంతటదే పోతుంది. కఫంలో టీబీ క్రిమి దొరక్కపోయినా 'స్మియర్ నెగటివ్ టీబీ' అని ఆరు నెలలు వాడటం, తగ్గకపోతే మందులకి లొంగని టీబీ అని ఇంకో కోర్సు. అలా కోర్సు మీద కోర్సు వాడి, కాళ్లు తిమ్మిర్లెక్కి, లివర్ దెబ్బతిని, చివరికి మా ల్యాబ్‌కి చేరిన వాళ్ల సీరం నేను చూశాను, ఐజీజీ మిషన్ చూపించే గరిష్ఠ సంఖ్య దాటి ఉండేది. నేను చెప్పేది టీబీ రాదని కాదు. మళ్లీ రావచ్చు, రెండూ కలిసి కూడా ఉండొచ్చు. రుజువు లేకుండా మొదలుపెట్టొద్దు అంటున్నా. సీబీనాట్ (కఫంలో టీబీ క్రిమి డీఎన్ఏ వెతికే పరీక్ష) ప్రభుత్వ టీబీ కేంద్రాల్లో ఉచితం, చేయించండి. అందులోనూ ఒక మెలిక ఉంది. ఇంతకుముందు టీబీ వచ్చినవాళ్లలో చచ్చిన క్రిముల డీఎన్ఏ మిగిలి ఉంటే సీబీనాట్ కొద్దిగా పాజిటివ్ చూపిస్తుంది. అందుకే దాంతోపాటు టీబీ కల్చర్ కూడా పెట్టమనండి, అది బతికున్న క్రిమి ఉంటేనే మొలుస్తుంది. ఆ కల్చర్‌లో టీబీ కాని దాని బంధువులు, ఎన్‌టీఎం అంటారు, మొలిస్తే అది మళ్లీ మూడో కథ, మందులు వేరు.

రుజువు ఎందుకంత ముఖ్యమో మందుల వైపు నుంచి కూడా చూడండి. ఫంగస్‌కి ఇచ్చే ఇట్రాకొనజోల్, వోరికొనజోల్ రెండింటినీ టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ లివర్‌లో కరిగించి అవతల పారేస్తుంది. రక్తంలో ఆ మందు దాదాపు ఉండదు. 'రెండూ ఇచ్చేద్దాం, ఏదో ఒకటి పనిచేస్తుంది' అనే తెలివి ఇక్కడ పూర్తిగా తప్పు, ఫంగస్ మందు ఖర్చు మీకు, ఫలితం సున్నా.

ట్రీట్‌మెంట్ గురించి కొంచెమే చెప్తాను. ఒకే బాల్ ఉండి, ఏ బాధా లేక, స్కాన్‌లో మార్పు లేకపోతే ఏమీ చేయకుండా కనిపెట్టుకుని ఉండటం కూడా సరైన వైద్యమే. రక్తం పడుతూ, మిగతా ఊపిరితిత్తి బాగుండి, మనిషి తట్టుకోగలిగితే ఆ భాగం తీసేసే ఆపరేషన్ సింపుల్ ఆస్పర్‌జిల్లోమాకి శాశ్వత పరిష్కారం. కాకపోతే టీబీ తర్వాత ఊపిరితిత్తి పక్క గోడకి అతుక్కుపోయి ఉంటుంది, ఇది చేయి తిరిగిన థొరాసిక్ సర్జన్ చేయాల్సిన పని. తట్టుకోలేని వాళ్లకి, లేదా అర్జెంటుగా రక్తం ఆపాల్సి వస్తే, తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి ఆ ధమనిని మూసేస్తారు, ఎంబొలైజేషన్ అంటారు. ఆ పూటకి ప్రాణం కాపాడుతుంది, కానీ కొత్త రక్తనాళాలు పుట్టి మళ్లీ రక్తం పడటం మామూలే. పెరుగుతున్న రకానికి ఇట్రాకొనజోల్ నెలల తరబడి వాడాలి. చండీగఢ్ పీజీఐ హాస్పిటల్ వాళ్లు 6 నెలలు వాడినవాళ్లని, 12 నెలలు వాడినవాళ్లని పోల్చి చూస్తే, ఏడాది వాడినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం బాగా తక్కువని తేలింది, ఆ ఫలితం 2022లో వచ్చింది. క్యాప్సూల్ అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి, దాని పక్కనే గ్యాస్ బిళ్లలు వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. మన ఇళ్లల్లో ప్యాంటోప్రజోల్ పొద్దున్నే కాఫీ కన్నా ముందు పడుతుంది కాబట్టి ఇది డాక్టర్‌కి చెప్పాల్సిన విషయం. గుండె బలహీనత ఉంటే, కాళ్లు వాస్తే అదీ చెప్పాలి. రెండు వారాలయ్యాక రక్తంలో మందు స్థాయి చూసే పరీక్ష ఉంది, దొరికితే చేయించండి.

ఇక మీ పిన్నిగారు. ఇక్కడ ఊపిరి పీల్చుకోండి, సైనస్ ఫంగల్ బాల్ చాలావరకు మంచి జబ్బు. సాధారణంగా ఒక్క సైనస్‌లోనే, అదీ ఎక్కువగా చెంప ఎముక వెనకున్న మాక్సిలరీ సైనస్‌లోనే వస్తుంది, నడివయసు దాటిన ఆడవాళ్లలో కొంచెం ఎక్కువ. సీటీలో ఆ సైనస్ మూసుకుపోయి, మధ్యలో తెల్లగా మెరిసే మచ్చలు, సున్నం చుక్కలు, చుట్టూ ఎముక కొద్దిగా మందపడటం కనిపిస్తే దాదాపు ఖాయం. ఎంఆర్ఐ మాత్రమే తీస్తే తమాషా జరుగుతుంది. ఫంగస్‌లో ఇనుము, మాంగనీసు లాంటి లోహాలు చేరి ఉంటాయి, వాటివల్ల టీ2 అనే రకం ఫిల్ములో ఆ ముద్ద నల్లగా, గాలితో ఖాళీగా ఉన్న సైనస్ లాగే కనపడుతుంది. నిండా ఫంగస్ ఉన్న సైనస్‌ని 'నార్మల్' అని చదివేయొచ్చు. సైనస్‌కి ముందు సీటీ అనేది అందుకే.

ఎండోస్కోప్‌తో ముక్కులోంచే వెళ్లి, సైనస్ ద్వారం పెద్దది చేసి, ముద్ద మొత్తం తీసి కడిగేస్తే పని అయిపోతుంది. ఫంగస్ మందులు అక్కర్లేదు. అవును, అక్కర్లేదు. ఫంగల్ అనే మాట చూడగానే వోరికొనజోల్ రాసిన చీటీలు నాకు తెలుసు, అది లివర్‌కి, జేబుకి శిక్ష తప్ప లాభం లేదు. ఒక్కటే షరతు, తీసిన ముద్దతో పాటు సైనస్ లోపలి పొర ముక్క కూడా బయాప్సీకి పంపాలి, ఫంగస్ పొరలోకి దిగలేదని పాథాలజిస్టు చెప్పాలి. ఒకేవైపు సైనస్ మూసుకుపోయిందంటే అప్పుడప్పుడు ఇన్వర్టెడ్ పాపిలోమా అనే గడ్డో, క్యాన్సరో కూడా ఉంటుంది కాబట్టి ఆ ముక్క పరీక్ష వదలకూడదు.

కల్చర్ నెగటివ్ వచ్చిందని కంగారుపడకండి. ఫంగల్ బాల్‌లో పోగులు చాలావరకు చచ్చిపోయి ఉంటాయి, మైక్రోస్కోపులో కుప్పలుగా కనిపిస్తాయి, ప్లేట్ మీద మాత్రం మొలవవు. మాకు ఇది రోజూ ఉండేదే. రిపోర్టు రెండు కాగితాలుగా వస్తుంది, ఒకదాంట్లో 'ఫంగస్ పోగులు ఉన్నాయి', ఇంకోదాంట్లో 'ఫంగస్ మొలవలేదు', ఇంట్లోవాళ్లు ల్యాబ్ తప్పు చేసిందనుకుంటారు. రెండూ నిజమే.

ఇప్పుడు బ్లాక్ ఫంగస్. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని అంటువ్యాధుల చట్టం కింద తప్పనిసరిగా తెలపాల్సిన జబ్బుగా ప్రకటించింది, కోఠి ఈఎన్‌టీ హాస్పిటల్ ఆ పేషెంట్లతో నిండిపోయింది, దానికి వాడే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం జనం ఊళ్లు తిరిగారు. ఆ రోజులు చూసినవాళ్లకి ఫంగస్ అంటే గుండె ఝల్లుమనడం సహజం. (వైట్ ఫంగస్, యెల్లో ఫంగస్ అని టీవీల్లో రంగులు పంచారే, వాటికి ల్యాబ్‌లో అర్థమే లేదు.) అది మ్యూకర్‌మైకోసిస్, వేరే జాతి బూజు. షుగర్ అదుపు తప్పినవాళ్లలో, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవాళ్లలో రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి కండని కుళ్లబెడుతుంది. చెంప మొద్దుబారడం, కంటి చుట్టూ వాపు, ఒకటి రెండుగా కనపడటం, పై పళ్లు కదలడం, అంగిట్లో నల్లటి పుండు, ఇవి రోజుల్లో ముదురుతాయి. మీ పిన్నిగారికి నెలలుగా ముక్కు దిబ్బడ, వాసన మాత్రమే ఉన్నాయంటున్నారు, ఇది ఆ నడక కాదు. అయినా షుగర్ చూపించండి, పైన చెప్పిన వాటిలో ఒక్కటి కనపడినా ఆపరేషన్ తారీఖు కోసం ఆగొద్దు.

ఆ రెండింటినీ మేము విడదీసేది ఎలాగంటే, తీసిన ముక్క మీద కేఓహెచ్, వీలుంటే కాల్కోఫ్లోర్ రంగు వేసి అదే రోజు చూస్తాం. ఆస్పర్‌జిల్లస్ పోగులు సన్నగా, మధ్యమధ్యలో అడ్డగోడలతో, సుమారు 45 డిగ్రీల కోణంలో చీలుతూ ఉంటాయి. మ్యూకర్ జాతివి వెడల్పుగా, ముడతలు పడి, అడ్డగోడలు దాదాపు లేకుండా, లంబకోణంలో చీలుతాయి. గంటల్లో తెలిసే విషయం ఇది. తెలియాలంటే ముక్క మాదాకా రావాలి. ఆపరేషన్ థియేటర్‌లో తీసినదంతా ఫార్మలిన్ సీసాలో వేసేస్తే పాథాలజీకి పనికొస్తుంది, మాకు పనికిరాదు, ఫార్మలిన్‌లో ఏదీ మొలవదు. సగం ఫార్మలిన్‌లో పాథాలజీకి, సగం స్టెరైల్ డబ్బాలో కొంచెం సెలైన్ వేసి మైక్రోబయాలజీకి. దూదిపుల్లతో తుడిచి పంపితే మాకు పెద్దగా ఏమీ దొరకదు. మ్యూకర్ అనుమానం ఉంటే ఆ మాట ఫారం మీద రాయాలి, ఎందుకంటే ఆ ముక్కని రుబ్బితే దాని పోగులు చితికి చచ్చిపోతాయి, మేము రుబ్బకుండా చిన్న ముక్కలుగా కోసి ప్లేట్ మీద పెడతాం. ఆపరేషన్ ముందు రోజు సర్జన్‌ని 'శాంపిల్ రెండు డబ్బాల్లో పంపుతారా అండీ' అని అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

సైనస్ ఫంగస్‌లో ఇంకో రెండు రకాలున్నాయి, పేర్లు వినిపిస్తే గుర్తుపట్టడానికి చెప్తున్నా. ఒకటి అలర్జీ రకం: కుర్రవాళ్లు, ముక్కులో పాలిప్స్ (మెత్తటి కండలు), చిక్కటి జిగట చీమిడి, ఎక్కువ సైనస్‌లు నిండటం, ఆపరేషన్ తర్వాత స్టెరాయిడ్ స్ప్రేలతో చాలాకాలం చూసుకోవాలి, తిరగబెట్టే గుణం ఎక్కువ. రెండోది నెమ్మదిగా కణజాలంలోకి పాకే రకం, మన దేశంలో, సూడాన్‌లో, పాకిస్తాన్‌లో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ వల్ల ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ వస్తుంది. నెలల మీద కన్ను ముందుకి పొడుచుకొస్తుంది, క్యాన్సర్ గడ్డే అనుకుంటారు, బయాప్సీతో బయటపడుతుంది. దీనికి మాత్రం ఫంగస్ మందులు నెలల తరబడి కావాలి. పొర ముక్క పంపమని ఇందాక అంతగా చెప్పింది దీనికోసం కూడా.

ఈ వారం చేయాల్సినవి: నాన్నగారికి పాత ఫిల్ములు, ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ, రెండు మూడు రోజుల కఫం ఫంగల్ కల్చర్‌కి, సీబీనాట్‌తో పాటు టీబీ కల్చర్, షుగర్, హెచ్ఐవీ. ఇవి చేతికొచ్చాక ఇద్దరు డాక్టర్ల మాటల్లో ఏది సరైనదో వాళ్లే మీకు ఇంకా స్పష్టంగా చెప్పగలరు. రిఫాంపిసిన్ ఈలోగా మొదలుపెడతామంటే 'కఫంలో టీబీ దొరికిందా సార్' అని ఒక్క ప్రశ్న అడగండి.

పిన్నిగారికి ఎడమవైపు పై దవడ పళ్లకి ఎప్పుడైనా రూట్ కెనాల్ చేశారేమో కనుక్కోండి. పన్ను వేళ్లు సైనస్ నేలకి ఆనుకునే ఉంటాయి, రూట్ కెనాల్‌లో నింపే జింక్ ఆక్సైడ్ పదార్థం కొంచెం పైకి పొంగి సైనస్‌లో పడితే దాని చుట్టూ ఆస్పర్‌జిల్లస్ పెరగడం బాగా తెలిసిన సంగతే. సీటీలో ఆ మెరిసే చుక్క అదే కావచ్చు. ఆపరేషన్‌కి ముందే ఆ సీటీ ఫిల్ములు డెంటిస్ట్‌కి చూపించి, పన్ను సంగతి కూడా తేల్చుకోండి, లేకపోతే సైనస్ కడిగించాక కూడా ఆ పన్ను నుంచే మళ్లీ చీము పట్టొచ్చు.